ధర తేలని తొలి పాయ

ఎవారిస్తాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు దెల్ఫీనా వంతెన అవతల ఇంకొకరింట్లో పెరిగి, ఒకరోజు తను పిండి మూట ఎత్తుకోబోతే గుమ్మంలోకి వచ్చి, "పిండి మోసే ఆవిడ వచ్చింది" అని లోపలికి కేకేస్తుందేమోనని. ఆకలంటే అంత భయం లేదు, చలంటే లేదు. వంతెన ఇవతలి సరిహద్దు ఊరు వియాసోన్‌లో ఆ రెండూ ఇంటింటికీ ఉన్నవే. కన్నబిడ్డ తనను ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూడటం మాత్రం తలుచుకోలేకపోయేది.

ఆ భయానికి పేరు దోన్యా ఇర్మా, అంటే ఇర్మా అమ్మగారు. వంతెన అవతల, వేరే దేశంలోని లా కియాకాలో, రైలు పట్టాలు దాటాక నీలం రేకు తలుపు ఉన్న పిండికొట్టు ఆమెది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఎవారిస్తా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె కొట్లో పిండి ఎత్తుకుని ఇవతలికి మోసేది. ఇర్మా చెడ్డ మనిషై ఉంటే ఎంతో బాగుండేది, నోరారా తిట్టుకోవడానికి వీలుండేది. కానీ ఆమె చెడ్డది కాదు. తూకంలో మోసం లేదు. చలికి ఎవారిస్తా పెదాలు పగిలితే గిన్నెలో వేడివేడిగా 'ఆపి' అనే మొక్కజొన్న జావ పోసి ఇచ్చేది. ఆ ఊదారంగు జావ తాగుతుంటే మాత్రం అనేది:

"ఏమే, పిల్లను నాకిచ్చెయ్యరాదూ? బడికి పంపిస్తా. నీకు మల్లే మూడో తరగతిలో ఆపించను."

"పోండి దోన్యా, మీరెప్పుడూ వేళాకోళమే" అని ఎవారిస్తా నవ్వేసేది. నవ్వి వంతెన మీదికి వచ్చాక వీపు మీద దుప్పటిలో కట్టుకున్న పిల్లను చేత్తో తడిమి చూసుకునేది.

మూడో తరగతి మాట నిజమే. తల్లి చనిపోతే చిన్నవాళ్ళను చూడటానికి బడి మానింది. బళ్ళో వెయ్యి దాకా నేర్పారు. వెయ్యి తర్వాత సున్నాలన్నీ దేశం నేర్పింది. ఈ రెండేళ్ళలో రొట్టె ధర వందల నుంచి వేలకు, వేల నుంచి లక్షకు పోయింది. జీతాలు గోతాల్లో ఇస్తున్నారు. కట్ట మీద తెలిసిన ముద్ర ఉంటే ఎవరూ తాడు విప్పరు, అట్లాగే చేతులు మారుతుంది. డబ్బు ఇంట్లో రాత్రి పడుకోకూడదంటారు, తెల్లారేసరికి చిక్కిపోతుంది. అందినరోజే పిండో, చక్కెరో కొనెయ్యాలి, లేకపోతే వంతెన అవతలి డబ్బు పేసోల్లోకి మార్చెయ్యాలి. ఇదంతా ఎవారిస్తా చేతులకు తెలుసు. తలకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. దెల్ఫీనాకు రెండేళ్ళు నిండాయి. పుట్టువెంట్రుకలు తీయాలి. జుట్టంతా సన్నసన్న పాయలుగా అల్లి, ఒక్కో పాయకూ రిబ్బను కట్టి, పిల్లను మధ్యలో కూర్చోబెడతారు. వచ్చినవాళ్ళు పళ్ళెంలో డబ్బు పెట్టి తలా ఒక పాయ కత్తిరిస్తారు. ఆ డబ్బు పిల్లది. నుదుటి మీద తొలి పాయ తీసినవాళ్ళు మాత్రం పిల్లకు రెండో తల్లో, రెండో తండ్రో అవుతారు. పెంచుతామని అడిగే హక్కు వాళ్ళకుంటుంది. ఎవారిస్తా అత్త కాసిల్డా ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. పళ్ళెంలో ఎవరిది ఎక్కువైతే తొలి పాయ వాళ్ళదే.

"ఇర్మా పెద్ద నోటు పెడతానంది" అంది కాసిల్డా, చలికి ఎండబెట్టిన దుంపలు నానబోస్తూ. "పిల్ల అక్కడుంటే మనకూ పిండికి లోటుండదు. దానికీ చదువొస్తుంది. నువ్వేం ఏడుపుమొహం పెట్టకు."

"మీ అబ్బాయిని అడగొద్దా అత్తయ్యా?"

"అడిగాం కదే. 'అమ్మ ఎట్లా అంటే అట్లా' అని లారీ డ్రైవరుతో చెప్పి పంపాడుగా."

భర్త ప్రిమితీవో మే నెల్లోనే అవతలి దేశంలోని హుహూయ్ చెరుకు కోతకు పోయాడు. అడవిలాంటి చెరుకు తోటలో నుంచి మనిషి ఆ నాలుగు మాటలే పంపగలిగాడు. వాటిని పట్టుకుని అత్త ఇల్లంతా తిప్పుతోంది.

ఎవారిస్తా ఇక అన్నకు కబురు పెట్టింది. అన్న సకారియాస్ అతోచా గనుల్లో పనిచేస్తాడు. "తొలి పాయ నువ్వు తీయాలన్నా, ఎంత దొరికితే అంత పట్టుకురా" అని రైల్లో సరుకు దించే మనిషికి చెప్పి పంపింది. కబురు చేరిందో లేదో తెలియదు. చేరితే వస్తాడో లేదో తెలియదు.

అదే వారం అవతలి దేశం డబ్బుకు పిచ్చి పట్టింది.

శుక్రవారం పొద్దున రేడియోలో చెప్పారట. ఇకనుంచి వాళ్ళ పేసో పేసో కాదు, ఆస్ట్రల్. వెయ్యి పేసోలు ఒక ఆస్ట్రల్. బ్యాంకులు మూసేశారు. వంతెన దగ్గర స్టూళ్ళ మీద కూర్చుని డబ్బు మార్చే ఆడవాళ్ళు పలకలు బోర్లించి ఇళ్ళకు పోయారు. గురువారం ఆ పలకల మీద వాళ్ళ ఒక పేసోకు మన అయిదువందల యాభై అని రాసి ఉంది. శుక్రవారం ఏడువందలు పలుకుతుందని ఒకరు, అసలు ఏమీ పలకదని ఒకరు, ఇక లక్షల్లోనే మాట్లాడాలని ఒకరు. ఆ మూడో మాటే ఎవారిస్తాను పట్టుకుంది. వాళ్ళ డబ్బుకు లక్షలొస్తే అన్న తెచ్చేది ఏ మూలకు?

శనివారం పొద్దున్నే దోన్యా ఇర్మా వచ్చింది. నల్ల కోటు, చేతిసంచి. సంచిలోంచి ఎర్ర బూట్లు తీసి దెల్ఫీనాకు తొడిగింది. రెండు వేళ్ళు పెద్దవి.

"వచ్చే ఏడాదికి సరిపోతాయి" అంది.

వచ్చే ఏడాదిని కూడా తెచ్చేసుకుంది ఈవిడ, అనుకుంది ఎవారిస్తా.

పిల్ల మాత్రం ఆ బూట్లతో టపటపా నడిచి, పళ్ళెం చుట్టూ తిరిగి, అందరినీ నవ్వించి, ఇక విప్పనంది. పళ్ళెంలో కోకా ఆకులు పరిచి ఉన్నాయి. ఇర్మా వాటి మీద ఒక నోటు పెట్టింది. పదివేల నోటు. కానీ దాని మీద అడ్డంగా ముద్ర కొట్టి 'పది ఆస్ట్రల్స్' అని ఉంది.

కాసిల్డా నోటును వెలుగుకు పట్టి చూసింది. "ఇది పదివేలా, పదా?"

"రెండూను."

"రెండూ ఎట్లా అవుతాయమ్మా? పిల్లకు పేరు మార్చినా పిల్ల పిల్లే గానీ, పదివేలు పది ఎట్లా అవుతుంది?"

"అదే అంటున్నా వదినా. పేరే మారింది."

"మరి ముద్ర లేని పదివేలు?"

"అదీ ఇంతే."

కాసిల్డా ఏమీ అర్థంకాని మొహంతోనే తల ఊపి, కత్తెర తీసి ఇర్మాకు అందించబోయింది. సరిగ్గా అప్పుడు వాకిట్లో ఏదో దబ్బున పడింది. గోతం. దాని వెనక సకారియాస్, కనుబొమలకు గని దుమ్ము, ఊపిరి ఆడక వగరుస్తూ.

"ఆగండి. మేనమామ వచ్చాడు."

ఎవారిస్తా గోడకు ఆనుకుంది.

"అరవై కట్టలు" అన్నాడు సకారియాస్, గోతం మూతి విప్పి. "గని ముద్ర చూసుకోండి. కట్టకు లక్ష. అరవై లక్షలు. నా జీతమూ, మా వాళ్ళ దగ్గర చేబదులూ."

గదిలో అందరూ ఒకేసారి లెక్క మొదలుపెట్టారు. పక్కింటివాళ్ళు, మరిదులు, మొక్కజొన్న కల్లు పోస్తున్న ముసలామె. వాళ్ళ పదివేలు మన డబ్బులో ఎంత? గురువారం ధరకైతే యాభై అయిదు లక్షలు, సకారియాస్‌దే ఎక్కువ. శుక్రవారం పుకారుకైతే డెబ్భై లక్షలు, ఇర్మాదే ఎక్కువ. శనివారం ధరకైతే?

"శనివారానికి ధర లేదు" అంది తెయోఫిలా. వంతెన దగ్గర డబ్బు మార్చేవాళ్ళలో పెద్దది ఆమె. పేరంటానికి వచ్చి వేరుశనగ సూపు తాగుతోంది.

"లేకపోవడమేంటి? నువ్వు చెప్పు, అదే ధర" అంది కాసిల్డా.

"నేను చెబితే ధర అవుతుందా వదినా? అవతలివాళ్ళు కొనాలి, ఇవతలివాళ్ళు అమ్మాలి. ఇవాళ ఎవరూ కొనట్లా, ఎవరూ అమ్మట్లా. ఇవాళ ఆ పళ్ళెంలో ఉన్నవి ఉత్త కాగితాలు. ఇంత సూపు పొయ్యి."

"మరి తొలి పాయ ఎవరిదే?"

"మంగళవారం బ్యాంకులు తెరుస్తారట. అప్పుడడుగు."

వచ్చినవాళ్ళలో కొందరికి రైలుంది. కల్లు తాగారు, భోంచేశారు, పాయ తీయకుండా పోతే పిల్లకు అరిష్టం. తొలి పాయ నుదుటిది గదా, దాన్ని వదిలేసి వెనకవి తీస్తే తప్పేమిటని ఒకరన్నారు. తప్పో కాదో ఎవరికీ తెలియదు, ఇంతకుముందు ఎవరికీ రాని చిక్కు. తలా ఒకరు వెనక నుంచి తీస్తూ వచ్చారు. సాయంత్రానికి దెల్ఫీనా తల వెనకంతా కోతకోసిన చేనులా ఉంది, ముందు మాత్రం నుదుటి మీద ఎర్ర రిబ్బనుతో ఒక్క పాయ వేలాడుతోంది. అద్దంలో తనను తాను చూసుకుని పిల్ల ఒకటే నవ్వు.

సగం కత్తిరించిన జుట్టుతో పిల్ల నీళ్ళు దాటకూడదు, దాటితే ప్రాణం జారిపోతుందని కాసిల్డా అంది. అందుకని ఇర్మా పిల్లను తీసుకుపోలేదు. సకారియాస్ గనికి పోలేదు, పోకపోతే జీతం కోత. పళ్ళెం, గోతం మీద కాసిల్డా దుప్పటి కప్పింది. ధర వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదంది. ఎక్కడి గొంగళి అక్కడే.

ఆదివారమంతా ఎవారిస్తా బుర్ర పనిచేయలేదు. మరీ ఎక్కువ పనిచేసిందేమో కూడా. వాళ్ళ డబ్బు పడిపోతే అన్న గెలుస్తాడు, పిల్ల తన దగ్గరుంటుంది. అందుకని మరియమ్మ పటం ముందు నిలబడి, "తల్లీ, వాళ్ళ డబ్బు పడిపోవాలి" అని మొక్కింది. మొక్కి ఇటు తిరిగేసరికి గుర్తొచ్చింది, ప్రిమితీవో చెరుకు కోత కూలి ఇచ్చేది వాళ్ళ డబ్బులోనే. ఎండలో, ఆకు కోతలతో చేతులు చీరుకుపోయి సంపాదించే ఆయన కూలి పడిపోవాలని మొక్కుతోందా తను? మళ్ళీ పటం వైపు తిరిగింది. "తల్లీ, అది కాదు, వాళ్ళ డబ్బు నిలబడాలి, మనదే కొంచెం ఎక్కువ లేవాలి." మనది లేవడమా! మన డబ్బు లేవడం ఆమె పెళ్ళయ్యాక చూసి ఎరగదు. మరియమ్మకు కూడా ఎటు తిప్పాలో తెలియనంతగా మొక్కు చిక్కు పడిపోయింది.

ఒక్కటి మాత్రం తెలుసు. దుప్పటి కింద గోతం చిక్కిపోతోంది. ఇర్మా నోటు ఉన్నదున్నట్టుంది, అన్న కట్టలు మాత్రం గంటగంటకూ మంచు ముద్దలా కరుగుతున్నాయి. ఏ తెల్లవారినా మన డబ్బు నిన్నటికంటే తక్కువే. మంగళవారానికి ధర తేలేలోపు కరిగి ఎంత మిగులుతుందో! అన్నను అడుగుదామంటే, వంటింట్లో పొయ్యి పక్కన పడుకుని, "ముద్ర ఉన్న కట్టలే చెల్లీ, ఎక్కడికీ పోవు" అన్నాడు. గనిలో ఉండేవాడు, వాడికి వంతెన సంగతి ఏం తెలుసు.

సోమవారం అత్త నీళ్ళకు పోయినప్పుడు ఎవారిస్తా గోతం భుజానికెత్తుకుంది. ఆలోచించి చేసిందని చెప్పలేం. రోజూ పిండి గోతం ఎత్తే భుజం, డబ్బు ఇంట్లో పడుకోకూడదని తెలిసిన చేతులు. రెండు కుప్పలూ ఒకే రకం డబ్బైతే ఇక ధర ఎందుకు అని మాత్రం తోచింది. రెండు దుంపల కుప్పల్లో ఏది పెద్దదో చెప్పడానికి బ్యాంకు తెరవక్కర్లేదు గదా.

తెయోఫిలా ఇంటి వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఈ గోతానికి వాళ్ళ డబ్బియ్యి పిన్నీ."

"పిచ్చిపట్టిందా పిల్లా? అన్నీ మూసేశారని చెప్పలా?"

"నువ్వు మూసుకోలేదుగా. నీ దగ్గర పాతవి ఉంటాయి."

తెయోఫిలా చెయ్యి తుడుచుకుని ఆమె మొహంలోకి చూసింది. తర్వాత గోతం మూతి చూసింది. తాళ్ళు విప్పలేదు. లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. చేతిలో ఒక పదివేల నోటు, ముద్ర లేనిది, పాతది. దాని మీద ఇంకో అయిదువందల నోటు.

"ఏ ధరకు ఇచ్చావు పిన్నీ?"

"ఏ ధరో నాకూ తెలియదు. ఇవాళ ధర లేదు గదా. తీసుకుపో, నేను మనసు మార్చుకునేలోపు."

ఎవారిస్తా ఆ రెండు నోట్లనూ రవికలో దోపుకుని పరుగెత్తుకొచ్చి పళ్ళెంలో ఇర్మా నోటుతో కలిపి ఆకుల కింద పెట్టి దుప్పటి కప్పేసింది. గోతం ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా పడుకుంది. దాని కింద దిండు ఒకటి తోసింది.

మంగళవారం మధ్యాహ్నం ఇర్మా వచ్చింది. సకారియాస్ మొహం కడుక్కుని టోపీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కాసిల్డా దుప్పటి లాగింది. దిండు బయటపడింది.

"డబ్బు ఎక్కడే?"

దెల్ఫీనా ఎర్ర బూట్లతో వచ్చి దిండు ఎత్తుకుపోయింది.

"నా గోతం ఏదే చెల్లీ?" అన్నాడు సకారియాస్.

"ఉందన్నా. పళ్ళెంలో ఉంది."

కాసిల్డా ఆకులు పక్కకు తోసింది. కవలపిల్లల్లా రెండు పదివేల నోట్లు, ఒకదాని మీద ముద్ర, ఒకదాని మీద లేదు. పక్కన అయిదువందలు.

"అంత గోతం ఇంత కాగితమా?" సకారియాస్ లేచి నిలబడ్డాడు. "అది మోసుకురావడానికి నా వీపు విరిగిందే! రైల్లో దాని మీద కూర్చుని వచ్చానే!"

"పళ్ళెం ముట్టుకుంటావా? పిల్ల సొమ్ము!" అని కాసిల్డా లేచింది. "దొంగతనం కంటే పాపం ఇది. అదీ గాక ఏ కాగితం తెచ్చావు? ముద్ర లేదు. ఇది చచ్చిన నోటు."

"చావలేదత్తయ్యా, దోన్యానే అందిగా, ఉన్నా లేకపోయినా..."

"నోరుముయ్యి. నాకు నేర్పుతావా? మా అమ్మ హయాంలో మన డబ్బు మార్చినప్పుడు ఏమైంది? పెట్టెడు పాత నోట్లు మా అమ్మ గాలి రాకుండా గోడకు అంటించింది. వాటి మీద బొమ్మలు చూస్తూనే నేను పెరిగాను. ఇదీ అంతే. గోడకు అంటించుకో."

ఎవారిస్తా ఆ నోటు వంకే చూసింది. అత్త చెప్పింది నిజమేనేమో. శనివారం ఇర్మా చెప్పింది తను సరిగ్గా విన్నదో లేదో. తెయోఫిలా అందుకే ఇచ్చేసిందేమో, వదిలించుకోవడానికి. అన్న నెల జీతం, అప్పు, గోడకు అంటించే కాగితం. పిల్ల వంతెన అవతల. అన్నీ తన భుజమే చేసింది.

కాసిల్డా ఆ పాత నోటు తీసి ఇర్మా ముందు పెట్టింది. "నీ దేశం డబ్బు, నువ్వే చెప్పు వదినా. ఇది చెల్లుతుందా?"

ఇర్మా నోటు అందుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కొట్లో నోటు పరికించినంతసేపే చూడాల్సింది, చాలాసేపు చూసింది. దెల్ఫీనా దిండు మీద కూర్చుని, నుదుటి పాయను నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఇర్మా పిల్లను చూసింది, బూట్లను చూసింది. ఆ తర్వాత ఎవారిస్తాను చూసింది. ఎవారిస్తా తల దించుకోలేదు. తల దించుకోవాలని కూడా తోచలేదు ఆమెకు, చలికి బిగుసుకుపోయిన జంతువులా అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"చెల్లుతుంది" అంది ఇర్మా.

"సరిగ్గా చూడు."

"చూశాను. ముద్ర ఉన్నా లేకపోయినా ఒకటే. నాదీ, ఇదీ సమానం." అయిదువందల నోటు వేలితో జరిపింది. "ఇది ఎక్కువ."

"ఇది ఇప్పుడు ఎంత?"

"అర."

"అరేంటి? దేంట్లో అర?"

"అర ఆస్ట్రల్. రెండు రొట్టెలొస్తాయేమో."

రెండు రొట్టెల దగ్గర మనవరాలు ఆగిపోవడం కాసిల్డాకు మింగుడుపడలేదు. కానీ ఆనవాయితీ ఆమెదే, అడిగిందీ ఆమే, చెప్పింది ఆమె పిలిచిన మనిషే. కత్తెరను సకారియాస్ చేతిలో పెట్టింది, ఇవ్వడం కంటే పడేయడమే ఎక్కువ.

సకారియాస్ మొరటు వేళ్ళతో పాయ పట్టుకుని కత్తిరించాడు. దెల్ఫీనా ఏడ్చింది, వెనక పాయలు తీసినప్పుడు ఏడవనిది. ఎవారిస్తా పిల్లను ఎత్తుకుని వాసన చూసింది. సంతోషం రావాల్సిన చోటికి సంతోషం రాలేదు. ఇంకా ఏదో లెక్క తేలనట్టే ఉంది.

ఇర్మా లేచింది. పళ్ళెంలో పెట్టింది తిరిగి తీసుకోకూడదు, నోటు అక్కడే వదిలింది. బూట్లు విప్పబోతే పిల్ల కాళ్ళు ముడుచుకుంది.

"ఉంచుకోనీ" అంది ఇర్మా. "పెద్దవేగా. మీ ఇంట్లో కూడా వచ్చే ఏడాది వస్తుంది."

నల్ల కోటు వంతెన వైపు పోతుంటే ఎవారిస్తా వాకిట్లో నిలబడింది. "దోన్యా!" అని పిలిచింది. ఏం చెప్పాలని పిలిచిందో ఆమెకే తెలియదు. గాలి అటునుంచి ఇటు కొడుతోంది, వినపడలేదు.

సాయంత్రం తెయోఫిలా వంతెన దగ్గర పలక తిప్పిందట. వాళ్ళ పాత పేసోకు మన ఆరువందల యాభై, కొత్త దానికైతే ఆరు లక్షల యాభైవేలు. ఆ ధరకైతే అన్న గోతానికి తొమ్మిది వేల మీద కొద్దిగా వచ్చేది, పదివేలు వచ్చేది కాదు. ఆ సంగతి పక్కింటావిడ చెబుతుంటేనే ఎవారిస్తా లేచి తెయోఫిలా దగ్గరికి పోయింది. సోమవారం తెయోఫిలా లెక్క తప్పిందా, జాలిపడిందా? "ఏమోనే, ఆ రోజు నాకే తెలియలేదు, వదిలెయ్" అని ఆమె కసిరింది. ఇర్మాకు ఈ ధర ముందే తెలుసా? పొద్దున్నే కొట్టు తెరిచే మనిషి, రోజూ ధర చూడకుండా గోరు కదపదు. తెలిసే ఉండాలి. 'సాయంత్రం దాకా ఆగుదాం, మీ వంతెన ధరకే లెక్క చూద్దాం, గోతం తిరిగి తెప్పించండి' అని ఒక్క మాటంటే కాసిల్డా ఎగిరి గంతేసేది. అనలేదు. తెలియకపోవడం వల్ల అనలేదా? తెలిసీ అనలేదా? ఎవారిస్తా ఈ రెంటి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా ఇప్పటికీ నలుగుతోంది.

ఎందుకంటే ఆ తర్వాత నీలం రేకు తలుపు తెరుచుకోలేదు.

పిండి మోసే ఆడవాళ్ళు తలా ఒక మాట తెస్తున్నారు. హుహూయ్‌లో చెల్లెలి దగ్గరికి పోయిందని ఒకరు. లేదు, పొయ్యి పొగ చూశాను, లోపలే ఉందని ఒకరు. కొత్త డబ్బు వచ్చాక ఎవరికీ పిండి అమ్మి లాభం లేదు, అందుకే మూసిందని ఇంకొకరు. జ్వరంతో పడి ఉందని చెప్పిన మనిషి మర్నాడు, నేనట్లా అనలేదు పొమ్మంది. సకారియాస్ గనికి పోయాడు. ప్రిమితీవో నుంచి కబురు లేదు, ఆయన కూలి ఇప్పుడు ఎన్ని సున్నాలతో వస్తుందో ఆయనకే తెలియాలి. ఎవారిస్తా తనే వెళ్ళి చూసి వచ్చేది. కానీ తొలి పాయ తీశాక పిల్ల తల మీద జుట్టు వేలెడు పెరిగేదాకా తల్లి నీళ్ళు దాటకూడదని కాసిల్డా పట్టుపట్టింది. ఈసారి అత్త మాట జవదాటే ధైర్యం ఆమెకు లేదు, పళ్ళెం ముట్టుకున్న చేతులవి. రోజూ పిల్ల తల మీద చెయ్యి పెట్టి చూస్తుంది. ముళ్ళలా గుచ్చుకుంటోంది జుట్టు. ఇంకా వేలెడు కాలేదు.

వంతెన ఇవతలి చివర, పోలీసు గుడిసె పక్కన నిలబడి చూస్తే పట్టాల అవతల కప్పులు కనపడతాయి గానీ, తలుపు కనపడదు.

మీరెవరైనా అటు పోయేవాళ్ళయితే, పట్టాలు దాటాక రెండో సందులో నీలం రేకు తలుపు ఒక్కసారి తట్టి చూడండి. ఎవారిస్తా పంపిందని చెప్పక్కర్లేదు. గట్టిగా తట్టండి, లోపలి గది వెనక్కుంటుంది. ఎవరని అడిగితే, ఇవాళ ధర ఎంత అమ్మా అని అడగండి. ఆమె కసురుకుంటూనైనా ధర చెప్పిందంటే బాగానే ఉన్నట్టు. తిరిగి వచ్చేటప్పుడు వంతెన దగ్గర ఎర్ర బూట్ల పిల్లను ఎత్తుకుని ఒకామె నిలబడి ఉంటుంది. ఆ ధర ఆమెకు చెప్పి పోండి.